చెరసాల నాయకుడి భార్య

బైబిల్లోని ఫిలిప్పీ పట్టణంలో ఆ రాత్రి చెరసాల నాయకుడి భార్యను ఎవరైనా అడిగారా? ఏళ్లుగా నన్ను వదలని సందేహం ఇది. భూకంపం వచ్చింది, చెరసాల తలుపులు తెరుచుకున్నాయి, ఖైదీగా ఉన్న పౌలు మాట విని ఆ నాయకుడు ప్రభువును నమ్మాడు, ఇంటిల్లిపాదీ ఆ రాత్రే బాప్తిస్మం పొందారు. పౌలు వాళ్లను ఇంటికి తీసుకొచ్చి ఆయన భోజనం పెట్టించాడని కూడా చెబుతారు. వండిందెవరో చెప్పరు. నిద్రలోంచి లేపి నీళ్లలో ముంచితే, తడిబట్టలతోనే ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లి ఉంటుంది. తన ఇంటి దేవుళ్లను ఎక్కడ పెట్టిందో, తెల్లవారి తల్లికి ఏమని చెప్పుకుందో! ప్రభువు మీద నాకు అనుమానం లేదు. ఆయనే లేకపోతే ఈ సౌదీ దేశంలో, దమ్మామ్‌లోని ఈ ఫ్లాట్‌లో నేను ఇన్నేళ్లు బతికేదాన్ని కాదు. అడగాలనిపించేది మనుషుల్నే.

ఇక్కడ సెలవు శుక్రవారమే, మా ఆరాధనా ఆ రోజే. ఈ శుక్రవారం తెల్లవారుజామునే స్నానాల గదిలో తొట్టి నింపాను. పొద్దెక్కితే మేడమీది ట్యాంకు నీళ్లు ఎండకు కాగి చేయి పెట్టనివ్వవు. తర్వాత ఆరాధనకు వచ్చేవాళ్లందరికీ అన్నం, కోడికూర. కిటికీలకు దుప్పట్లు కట్టాను. చర్చికి అనుమతి లేదు కాబట్టి ఇక్కడ పాటలు గొంతులోనే పాడుకుంటాం. ఏసీ మెకానిక్ నర్సింలుకు, విజిట్ వీసా మీద కొత్తగా వచ్చిన అతని భార్య సంధ్యకు ఆ రోజు బాప్తిస్మం. "మొగోడు నమ్మితే ఇల్లంత నమ్మినట్టే," అన్నాడు ఆరాధన నడిపే మా ఆయన ప్రభాకర్. మాకూ అలాగే జరిగింది. ఊళ్లో ఆయనతోపాటు నన్నూ వాగులో ముంచారు. సర్టిఫికెట్లలో ఉందని ఆయన పేరు మార్చలేదు. రాజవ్వనైన నేను ఎస్తేరునయ్యాను. నాన్న పోయినప్పుడు దినాల భోజనం ముట్టొద్దన్నాడు మా ఆయన. చుట్టాల మధ్య ఖాళీ విస్తరి ముందు కూర్చుని లేచాను.

లోపలి గదిలో సంధ్యకు తెల్లబట్టలు ఇచ్చాను. బొట్టు తుడుచుకుంది. పుస్తెలతాడు తీయబోయి ఆగిపోయింది.

"నీకు ఇష్టమేనా చెల్లె?"

తలెత్తి చూసింది. "నన్నడుగుతున్నవా అక్కా?"

"నిన్నే."

"నాకేం తెల్వది. మా అమ్మకు గూడ చెప్పలే. ఒద్దంటే టికెట్ తీసి పంపిస్త అంటున్నడు. మునుగుమంటే మునుగుత."

"నీకేమనిపిస్తుందో చెప్పు."

పుస్తెలతాడును మళ్లీ లోపలికి వేసుకుంది. "ఇయ్యాల ఒద్దక్కా."

వెళ్లి తొట్టి బిరడా లాగేశాను. గుడగుడమన్న చప్పుడుకు మగవాళ్లు వచ్చారు.

"ఏందే ఇది?" అన్నాడు మా ఆయన.

"ఆమెకు ఇష్టం లేకుంట ముంచొద్దు."

"నిన్నడిగే ముంచిన్రా? ఇప్పుడు నాకంటె ఎక్కువ ప్రార్థన చేస్తలేవా?"

హాల్లోంచి ఎవరో అన్నారు: "పాస్టరమ్మకు కోపమొచ్చింది. ఇయ్యాల కూరల ఉప్పుండదు!" అందరూ నవ్వారు.

నర్సింలు నవ్వలేదు. "ఇజ్జత్ తీసినవ్. నడువ్, రేపే టికెట్ తీస్త," అన్నాడు భార్యతో.

"నర్సింలూ, ఆమెను పంపిస్తే ఈ ఇంట్ల ఇగ శుక్రవారం వంట ఉండదు," అన్నాను. "ఆమెనే అచ్చి అడిగిననాడు తొట్టి నేనే నింపుత."

అతను చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. సంధ్య ఒంటినిండా కప్పే నల్ల అబాయా తొడుక్కుని అతని వెనకే మెట్లు దిగింది. ఆమెకు మేలు చేశానో, ఆమె కాపురం కూల్చానో నాకు తెలియదు. మిగతావాళ్లు కూడా తినకుండానే ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వంటింట్లోకి వచ్చి కోరుట్లలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. బీడీలు చుడుతూ మాట్లాడుతోంది. వాగులో మునిగొచ్చిన నాడు నా తడిజుట్టు తుడుస్తూ, నీ ఇష్టంతోనేనా బిడ్డా అని అడిగింది అమ్మ. మా ఆయన వింటున్నాడని నేను నోరు విప్పలేదు. ఆమె మళ్లీ అడగలేదు. ఆ జవాబు ఇన్నేళ్లుగా అమ్మకు బాకీ ఉన్నాను.

"అమ్మా, అప్పుడు నువ్వడిగితే చెప్పలే. ముంచేటప్పుడు నన్నెవ్వలు అడగలేదే."

అవతల బీడీ ఆకు కత్తిరించే చప్పుడు ఆగింది.