దస్తగిరి పరుపుల కొట్టు బ్లాగును నేను

నేను ఒక బ్లాగును. నన్ను ఇనుముతో పోత పోయలేదు, చెక్కతో చెక్కలేదు. సత్తెనపల్లిలో ఒక జిరాక్సు షాపు మీది గదిలో కిరీటి అనే పెద్దమనిషి మధ్యాహ్నం భోజనం చేసి, ఆవులిస్తూ ఆవులిస్తూ పావుగంటలో నన్ను తయారుచేసి పారేశాడు. తన పేరు పక్కన 'డిజిటల్ మార్కెటింగ్ నిపుణుడు' అని రాసుకున్నాడు కదా, ఏదో పెద్ద విద్య తెలిసినవాడు అనుకునేరు! ఎవరో రాసినదాన్ని ఎత్తుకొచ్చి ఇంకొకరి పేరు పెట్టడమే ఆయనగారి విద్య.

నా యజమాని దస్తగిరి. బస్టాండు వెనక వీధిలో పరుపుల కొట్టు. తాత కాలం నుంచీ దూది ఏకి పరుపులు కట్టడమే వాళ్ళ పని. చేతిలో పనితనం ఉంది, కాదనను. బుర్రలోనే కాస్త గాలి ఎక్కువ. కొట్టుకు ఎదురుగా అద్దాల తలుపులతో ఫోము పరుపుల షోరూము వెలిశాక బూరుగు దూది పరుపు అడిగే నాథుడు లేకుండా పోయాడు. ఇంకో ఏడాది ఇలాగే సాగితే కొట్టు మూసుకోవాల్సిందే. ఆ భయంతో వెళ్ళి కిరీటి చేతిలో పడ్డాడు. "బ్లాగు పెట్టు బాబాయ్, జనం ఎగబడతారు," అన్నాడు కిరీటి.

ఎగబడ్డారు, పాపం! నాలోని మొదటి ముప్ఫై పోస్టులు చూస్తే మీకే తెలుస్తుంది. 'మానవ జీవితంలో నిద్ర ప్రాముఖ్యత.' 'నిద్ర వల్ల కలిగే పది ప్రయోజనాలు.' 'నిద్ర ఎందుకు ముఖ్యం?' మంచు కురిసే రోజుల్లో ఎలాంటి దుప్పటి కప్పుకోవాలో కూడా ఒక పోస్టు ఉంది, సత్తెనపల్లి ఎండల్లో! కొట్టు ఎక్కడుందో మాత్రం ఒక్క ముక్క లేదు. ఫోను నంబరూ లేదు. దస్తగిరికి ఇవేమీ పట్టలేదు. పొద్దున లేచింది మొదలు నన్ను తెరిచి చూసుకోవడమే పని. "ఇయ్యాళ నలభై మంది చూశారే!" అని భార్యతో గొప్పలు పోయేవాడు. ఆ నలభై మందీ తనే. నాకు నోరు లేకపోయింది గానీ, ఉంటే ఆ రోజే కడిగి పారేసేదాన్ని.

భార్య పేరు మౌలాబీ. పరుపులకు గలీబులు కుట్టేది ఆవిడే. ఓ రోజు సూది పక్కన పెట్టి, ఫోను లాక్కుని, నన్ను పైనుంచి కిందదాకా చదివింది.

"ఏమయ్యా, ఇందులో మన కొట్టేదీ? నిద్ర మంచిదని జనానికి తెలవదా? పరుపు సంగతి చెప్పాలి గాని!"

"నీకేం తెలుసే, అదంతా టెక్నిక్కు."

"నీ టెక్నిక్కు తగలెయ్య!" అంటూ ఫోనులో మైకు బొమ్మ నొక్కి, కుడుతూ కుడుతూనే మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ మాటల్ని ఫోనే అక్షరాలుగా మార్చి నాలోకి ఎక్కించింది.

"పరుపు కొనేటప్పుడు మూల కుట్టు విప్పించి చూడండి. బూరుగు దూదైతే పిడికిట్లో నొక్కి వదిలితే పొంగుద్ది. నూలు మిల్లు వేస్టు కలిపితే రంగు దారాలు కనపడతయ్యి, నూనె వాసనొచ్చుద్ది. విప్పి చూపించమంటే నసిగే కొట్టు ఏదైనా సరే, మెట్టు దిగి వచ్చెయ్యండి. మా కొట్టైనా సరే."

కింద తన పేరు, కొట్టు చిరునామా, నంబరు. పుట్టిన ఏడు నెలలకు నాలో పడ్డ మొదటి నిజం అది.

మా కొట్టైనా సరే! ఆ ఒక్క మాటకు జనం పడిపోయారు. పిడుగురాళ్ళ నుంచి, నరసరావుపేట నుంచి ఫోన్లో నన్ను చూపించుకుంటూ వచ్చారు. "చూశావా బాబాయ్, నా బ్లాగు దెబ్బ!" అన్నాడు కిరీటి, సిగ్గు లేకుండా. ఇంతకీ వచ్చినవాళ్ళలో ఒక్కరైనా మూల కుట్టు విప్పించారా? అబ్బే. ఇంత నిజాయితీగా రాసినవాళ్ళ దగ్గర విప్పించి చూడటమేమిటని మొహమాటం. మనుషులంతే. చూసుకోమని చెబితే చూసుకోరు, చెప్పినందుకు మెచ్చుకుని వెళ్ళిపోతారు.

ఈ సంగతి దస్తగిరి కనిపెట్టాడు. పెళ్ళిళ్ళ రోజులొచ్చాయి, ఆర్డర్లు మీద పడ్డాయి, బూరుగు దూది దొరకడం లేదు. 'వారం ఆగండి' అంటే సరిపోయేది. ఆ మాత్రం మాట నోట రాలేదు మహానుభావుడికి, ఎదురు షోరూముకు పోతారని బెంగ. పైపైన బూరుగు దూది పరిచి, మధ్యలో మిల్లు వేస్టు కూరాడు. గలీబు కుట్టి ఇవ్వడం వరకే మౌలాబీ పని. దూది నింపి మూల కుట్టేసేది ఆయనే కాబట్టి లోపల ఏముందో ఆవిడకు తెలియలేదు. పద్దెనిమిది పరుపులు అలా ఇళ్ళకు చేరాయి.

పంతొమ్మిదోది సుగుణమ్మ గారిది. టీచరుగా చేసి రిటైరైన మనిషి. కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్లో నన్ను తెరిచి, క్లాసులో పాఠం చదివినట్టు పైకి చదివి, "మూల విప్పు దస్తగిరీ," అన్నారు.

"కుట్టు విప్పితే గుడ్డ పాడైద్ది గదండీ టీచరమ్మా..." అని నీళ్ళు నమిలాడు.

"గుడ్డకేమైద్దయ్యా! నేను మళ్ళీ కుడతాగా," అంటూ మౌలాబీ లోపల్నుంచి కత్తెర పట్టుకొచ్చింది. ముఖంలో ఎంత గర్వమో! టకటకా నాలుగు కుట్లు కత్తిరించి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, పిడికెడు దూది తీసి సుగుణమ్మ గారి అరచేతిలో పెట్టింది. గుప్పున నూనె వాసన. ఎర్ర దారాలు, పచ్చ దారాలు.

సుగుణమ్మ గారు దస్తగిరి వంక చూడనే లేదు. మౌలాబీనే చూశారు. "రాసింది నువ్వే కదమ్మా," అని మాత్రం అని, మెట్టు దిగి వెళ్ళిపోయారు.

అప్పుడు మగమహారాజు ఏం చేశాడనుకున్నారు? పరుపు విప్పి మంచి దూది నింపాడా? కిరీటికి ఫోను చేసి నన్ను తీయించేశాడు! తప్పు తనది, శిక్ష నాకు. వెళ్ళి చెత్తబుట్టలో పడ్డాను. అక్కడ నా చుట్టూ కిరీటి చేతిలో చచ్చిన బ్లాగులే. ఒకటి చెప్పుల కొట్టుది, ఒకటి టెంట్ హౌసుది. మూడు నెలలు దాటితే మా ఆనవాలు కూడా మిగలదట.

చెత్తబుట్టలో ఉన్నా నా చెవులు దస్తగిరి జేబులోని ఫోన్లోనే ఉన్నాయి. ఊరు ఊరుకుంటుందా? "రాయటం మాత్రం బాగా రాసుద్ది ఆ మౌలాబీ, కూరేది చెత్త!" అని వీధివీధంతా అనుకున్నారు. చేసింది ఆయన, మాట పడింది ఆవిడ. ఆవిడ కొట్టుకు రావడం మానేసింది. మొగుడితో మాట్లాడటమూ మానేసింది. "ఒక్క తిట్టన్నా తిట్టవే," అని అన్నం ముందు కూర్చుని బతిమాలేవాడు. ఆవిడ కూర వడ్డించి లోపలికి వెళ్ళిపోయేది.

రెండు నెలలు అలా గడిచాక దస్తగిరి ఆ జిరాక్సు షాపు మెట్లెక్కి నన్ను బయటికి తీయించాడు. మైకు బొమ్మ తనే నొక్కి, రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"నా పేరు దస్తగిరి. పద్దెనిమిది పరుపుల్లో మిల్లు వేస్టు కలిపింది నేను. మా ఆడమనిషికి తెలవదు. ఆమె చెప్పింది నిజం. నేను చేసింది తప్పు. పరుపులు తీసుకురండి, విప్పి మంచి దూది పోస్తా."

"బాబాయ్, ఇది పెడితే ఇంక ఒక్క కస్టమరూ రాడు," అన్నాడు కిరీటి కంగారుగా.

"రాకపోతే పోయె. ఆమె మాట నిలబడాల."

కిరీటి చెప్పింది ఈ ఒక్కసారి నిజమైంది. వారం రోజులు కొట్టు మెట్టు ఎక్కిన మనిషి లేడు. ఎనిమిదో రోజు ఒక రైతు ఆటోలో పరుపు వేసుకొచ్చి అరుగు మీద దించాడు. దస్తగిరి అందరి ఎదుటా అక్కడే కుట్టు విప్పి, దగ్గుతూ, తను కూరిన చెత్తంతా బయటికి లాగుతున్నాడు. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. వాళ్ళను తప్పించుకుంటూ మౌలాబీ వచ్చింది. మొగుడి పక్కన చతికిలబడి, ఆయన జేబులోంచి ఫోను తీసుకుని మైకు బొమ్మ నొక్కింది.

"ఇంకా పదిహేడు పరుపులు రావాల. మొహమాటపడి ఇళ్ళల్లో ఉంచుకోమాకండి. తీసుకొచ్చి, మా ముందు కూర్చుని, మీ కళ్ళారా చూసి పోయించుకోండి," అంది.