గాలిలో ఎరుపు

ఆపదలో పడ్డ పడవవాళ్లు చేత్తో పట్టుకుని వెలిగించే ఎర్ర ఫ్లేర్లు జర్మనీలోని ఎమ్డెన్ రేవు దగ్గర ఓ చిన్న కర్మాగారంలో తయారవుతాయి. అక్కడ వీబ్కే పని మంటను లెక్కల్లో మండించడం. ఏ పొడి ఎంత కలిపితే ఎంత వేడి పుడుతుందో, ఏ రంగు వెలుగు వస్తుందో కంప్యూటర్ నమూనాలో ముందే చూస్తుంది.

కొత్త మిశ్రమంలో మెగ్నీషియం పెంచాలని యజమాని ఓంకెన్ పట్టుబట్టాడు. దాన్ని చూడడానికి ఆ మధ్యాహ్నమే తీరరక్షక అధికారిణి వస్తోంది.

"నమూనా ఒప్పుకోవడం లేదండీ," అంది వీబ్కే టీ బల్ల దగ్గర. "గాలి తగలగానే మిగిలిన మెగ్నీషియం కూడా భగ్గుమంటుంది. ఆ తెలుపు ఎరుపును మింగేస్తుంది."

"పరీక్ష సొరంగంలో కొలిచాం కదా! వెలుగు కొలిచే మీటరు ఎన్నడూ లేనంత పైకెక్కింది."

"సొరంగంలో గాలి వీచే ఫ్యాను ఆపి కొలిచారు."

"ఆపకపోతే అంకె ఊగుతుంది. మా నాన్న కాలం నుంచీ ఆపే కొలుస్తున్నాం."

"సముద్రం మీద ఫ్యాను ఎవరాపుతారు?"

"అబ్బో! నీ కంప్యూటర్ ఎన్నడైనా ఉప్పునీళ్లలో తడిసిందా తల్లీ?"

"లేదు. రొయ్యల పడవ మీద మా ఆయన రోజూ తడుస్తాడు."

ఓంకెన్ మాట మార్చడానికి ఆమె కప్పు మళ్లీ నింపబోయాడు. వీబ్కే చెంచాను కప్పులో పడేసింది. ఆ ఊళ్లో చెంచా కప్పులో పడితే ఇంక చాలని అర్థం. ఎవరూ పోయరు. అతను కెటిల్ దించాడు.

"ఆవిడ ముందు నోరు మెదపకు," అన్నాడు.

నల్లగోడల సొరంగంలో కొత్త ఫ్లేరు చక్కటి ఎరుపుతో వెలిగింది. అధికారిణి తల ఊపింది. వీబ్కే నోరు మెదపలేదు. గోడ దగ్గరికి వెళ్లి ఫ్యాను స్విచ్ వేసింది.

మంట ఒరిగింది. ఎరుపు గులాబీ రంగైంది, తర్వాత తెల్లబడింది. మీటరు ఇంకా పైకెక్కింది.

"చూశారా, ఇంకా పెరిగింది!" అన్నాడు ఓంకెన్, అలవాటుగా.

అధికారిణి మీటరు వైపు చూడలేదు. "తెల్ల మంట కనిపిస్తే మేం పడవను పక్కకి తిప్పేస్తామండీ. ఢీకొట్టకు, దూరంగా పో అని కదా దానర్థం."

"ఫ్యాను ఆపు వీబ్కే!"

"ఆపను." ఆమె స్విచ్‌కు అడ్డంగా నిలబడింది. "పాత మిశ్రమం కూడా ఈ గాలిలోనే వెలిగించండి. మీటరు తక్కువే చూపిస్తుంది. చూపించనివ్వండి. ఎరుపు మాత్రం పోదు."

ఓంకెన్ కదల్లేదు. అధికారిణి బల్ల మీదున్న పాత ఫ్లేరు తానే అందుకుంది.