నాలుగో వైరు

ఆ వీధిలో కార్లకి కరెంటు పని చేసే ఫ్యూజు మావయ్య అంత ఓపిక ఉన్నవాడు లేడు, అంత కోపిష్ఠీ లేడు. ఓపికంతా వైర్ల మీద, కోపమంతా మనుషుల మీద. ఇట్టే మాడిపోతాడని ఆ పేరు పెట్టారు. అసలు పేరు షెడ్డు బోర్డు మీదే ఉంది గానీ ఎవరూ తలెత్తి చదివిన పాపాన పోలేదు.

ఒకరోజు పొద్దున్నే ఒక చిన్న పాత కారు షెడ్డు ముందు ఆగింది. నడుపుతున్నది చెవికి వినికిడి మిషను పెట్టుకున్న, డెబ్బై దాటిన టైలరు మాస్టారు. వెనక సీట్లో ఆయన భార్య, ఒకప్పటి బడి టీచరు, ముక్కుకి సన్నటి గొట్టం పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కనే చేతిసంచంత ఆక్సిజన్ మిషను గుర్రుమంటోంది.

"కాలిన వాసనొస్తోంది తమ్ముడూ!" అన్నాడు మాస్టారు, వీధి వీధంతా వినబడేలా.

ఫ్యూజు మావయ్య తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు. ఉన్నది ఒక్క సాకెట్టు. దానికి మూడు మూతుల ప్లగ్గు. మిషను వైరు గేరు రాడ్డుకి చుట్టుకుని వెనక్కి పాకింది. ఫోను వైరు స్టీరింగు కింద వేలాడుతోంది. చిన్న ఫ్యాను వైరైతే మాస్టారి మోకాలి మీదుగా పోతోంది. ప్లగ్గు అంచు కరిగి నల్లబడింది.

"ఎవడండీ ఈ పని చేసింది? వాడి చేతులు విరగ..."

"నేనే," అన్నాడు మాస్టారు.

"...విరగకుండా ఆ దేవుడే కాపాడాడు."

వెనక సీట్లో టీచరమ్మ కిసుక్కున నవ్వి, ఆ వెంటనే దగ్గింది. ఆ దగ్గు వినగానే ఫ్యూజు మావయ్య గొంతు దానంతటదే దిగిపోయింది. ఆమెని జాగ్రత్తగా దింపి, షెడ్డులో గాలి తగిలేచోట కుర్చీ వేసి, మిషనుని గోడ ప్లగ్గుకి తగిలించాడు.

"ఒక్క ఎద్దుకి మూడు బళ్ళు కడితే కూలబడదా మాస్టారూ?" అన్నాడు, ఆయన చెవి దగ్గరికి వంగి. "అమ్మగారి మిషనుకి బ్యాటరీ నుంచి సొంత లైను వేస్తాను, దానికో ఫ్యూజు. ఇంజను ఆపినా అది ఆగదు. అలాగని బండి ఆపుకుని గంటలకి గంటలు కూర్చోకండి, బ్యాటరీ దిగిపోతుంది. మిగతా వాటికి వేరే లైను. మొత్తం ఎన్ని?"

"మూడే. మిషను, ఫోను, ఫ్యాను. వచ్చేవారం ఈవిడని వాళ్ళ చెల్లెలి దగ్గరికి తీసుకెళ్ళాలి. మూడు గంటల దారి. అక్కాచెల్లెళ్ళు మొహాలు చూసుకుని రెండేళ్ళయింది."

వైర్లు సీటు కింద ఒరుసుకుపోకుండా మందపాటి గుడ్డతో తొడుగు కుడతానని మాస్టారు కొలతలు తీసుకున్నాడు. పక్క వీధిలోనే తన కొట్టు. టేపు మెడలో వేసుకుని అటు నడిచాడు.

ఆయన మలుపు తిరిగేదాకా చూసి టీచరమ్మ చెయ్యెత్తింది. "మూడు కాదు బాబూ, నాలుగు."

చేతిసంచీలోంచి గుండీకంటే కాస్త పెద్ద మైకు తీసి చూపించింది. అది ఆమె చీర అంచుకి పెట్టుకుని మాట్లాడితే, మాట నేరుగా మాస్టారి చెవి మిషన్లో వినిపిస్తుంది. పాతదైపోయి ఛార్జింగు నిలవట్లేదు. వైరు తగిలించి ఉంచితేనే పనిచేస్తుంది.

"నాకు గాలాడాలని ఫ్యాను కొన్నాక ప్లగ్గులో చోటు చాల్లేదు. దీని వైరు పీకేశారు. అడిగితే, 'నాకు బాగానే వినబడుతోందిలే' అన్నారు. వెనక్కూర్చుని నేనేమన్నా తల ఊపుతారు. మొన్న 'ఊపిరాడట్లేదు, బండి ఆపండి' అన్నానా... 'అవునవును, గాలి భలే ఉంది' అన్నారు."

నవ్వాలో ఏడవాలో ఫ్యూజు మావయ్యకి తెలియలేదు. "మరప్పుడేం చేశారమ్మా?"

"భుజం మీద ఒక్కటేశాను. ఆపారు. కానీ నా మాట తప్పుగా విన్న సంగతి ఆయనకి చెప్పలేదు. నా ఊపిరి కోసం ఆయన చెవులొదులుకున్నారు. తప్పని చెబితే తట్టుకోలేరు."

ఆ రోజు ఫ్యూజు మావయ్య ఇంకే బండీ ముట్టుకోలేదు. బ్యాటరీ దగ్గర్నుంచి వైరు లాగి, ఇనప రేకు దాటేచోట ఒరుసుకోకుండా రబ్బరు రింగు బిగించాడు. తివాచీ కిందుగా వెనక్కి తెచ్చాడు. మాస్టారు తెచ్చిన తొడుగు లోపల వైర్లని పక్కపక్కనే పడుకోబెట్టాడు. ఆ కుట్టు చూసి, "మిషను కుట్టా?" అన్నాడు. "చేతికుట్టే," అన్నాడు మాస్టారు. పనివాణ్ణి పనివాడు మెచ్చుకున్నట్టు, ఫ్యూజు మావయ్య ఆ కుట్టు మీద ఒకసారి వేలు నడిపాడు.

సాయంత్రానికి కారులో ఒక్క వైరూ పైకి కనబడలేదు. వెనక సీటు పక్కన నాలుగు సాకెట్లు మాత్రం ఉన్నాయి. మాస్టారు వాటిని వేలితో ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు.

"నాలుగోది ఎవరికి?"

"మీకే," అన్నాడు ఫ్యూజు మావయ్య. "ముందు సీట్లో కూర్చున్నవాడికి వెనకవాళ్ళ మాట వినబడకపోతే ఆ బండి నా షెడ్డు దాటదు. అది నా రూలు." ఆ రూలు పుట్టి అప్పటికి అరపూటయింది.

టీచరమ్మ మైకు అంచుకి పెట్టుకుని, వైరు తగిలించి, చాలా మెల్లగా, పక్కనున్న ఫ్యూజు మావయ్యకి కూడా అందనంత మెల్లగా ఏదో అంది. మాస్టారు స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరగలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"ఇన్నాళ్ళూ ఏమేం మాట్లాడావే?" అన్నాడు, ఆ రోజుకి మొదటిసారి మామూలు గొంతుతో.

"మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలా?"

"చెప్పు. దారిలో పనేముంది నాకు?"

మరుసటి వారం మధ్యాహ్నం షెడ్డులో ఫోను మోగింది. "చేరాం తమ్ముడూ," అన్నాడు మాస్టారు. వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి మాటకొకరు అడ్డుపడుతూ నవ్వుతున్నారు. "మూడు గంటలూ ఈవిడ ఒక్క నిమిషం నోరు మూస్తే ఒట్టు!"

"వైర్లు వేడెక్కాయా?"

"చల్లగా ఉన్నాయి. ఉండు, నిన్నడుగుతోంది," అని మాస్టారు ఫోను టీచరమ్మకిచ్చాడు. "తలెత్తి నీ బోర్డు చదివాను బాబూ," అంటూ ఆమె ఫ్యూజు మావయ్యని అసలు పేరుతో పిలిచింది.