రాతిమీద నింద మోపని వీధి

ఆళ్లగడ్డ శిల్పులను కలవాలి. దగ్గు, ఆయాసం ఉన్నాయేమో అడిగి రాసుకోవాలి. రాతిదుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో బొమ్మలు చూపించి చెప్పాలి. నంద్యాలలో శాసనసభ కమిటీ కూర్చునేలోగా నివేదిక సిద్ధం చేయాలి. విధాన పరిశోధన కేంద్రం కీర్తికి అప్పగించిన పనులివి.

రాతిదుమ్ము జబ్బుకు వైద్యం ఇప్పించే చట్టం తయారవుతోంది. ముసాయిదాలో ఫ్యాక్టరీ కూలీలున్నారు గాని, ఇంటిముందు రేకుల షెడ్డులో విగ్రహాలు చెక్కేవాళ్లు లేరు. వాళ్లనూ చేర్పించాలన్నదే పరిశోధన కేంద్రం పట్టుదల. బేతంచెర్లలో నాపరాళ్లు పాలిష్ పట్టే తండ్రి దగ్గు వింటూ డిగ్రీ చదివిన పిల్ల కీర్తి. శిల్పుల వీధిలో మనసుపెట్టి ఇల్లిల్లూ తిరిగింది.

తీరా ఒక్కరూ జబ్బుందని చెప్పలేదు. పెద్ద శిల్పి ఈశ్వరయ్య రొప్పుతూనే, "నాకేం పుట్టిందమ్మా, రాయి లెక్క ఉండా" అన్నాడు.

"మరి ఆ దగ్గేంది పెద్దనాయనా?"

"బీడీ దగ్గులే."

"తాగుతాండావా?"

"మానేసి శానా ఏండ్లాయ."

లోపల్నించి ఆయన భార్య భ్రమరాంబ నవ్వింది. "అబద్ధమన్నా కుదురుగా చెప్పను రాదు ఈయప్పకు."

మర్నాడు ఉలి పట్టబోతూ ఆయన చిటికెడు రాతిదుమ్ము నుదుట పెట్టుకోవడం చూశాక గాని కీర్తికి అర్థం కాలేదు. అన్నం పెట్టే రాయి అది. దానిమీద నింద మోపే నోరు ఆ వీధిలో లేదు.

నంద్యాల ఆఫీసులో కేంద్రం పెద్ద విజయభాస్కర్ అంతా విన్నాడు. కోప్పడలేదు. "మనం అడిగిన తీరే తప్పమ్మా. రాయి సంగతి వదిలెయ్. మనిషిని అడుగు" అన్నాడు.

కీర్తి మళ్లీ బస్సెక్కింది. ఏటా ఎగువ అహోబిలం పోయి ఉలులు స్వామి ముందు పెట్టి మొక్కి రావడం ఆ శిల్పుల ఆనవాయితీ. ఈసారి ఆమె జబ్బు ఊసెత్తకుండా, "కొండెక్కేటప్పుడు యాడ కూర్చుంటావు?" అని మాత్రం ఒక్కొక్కరినీ అడిగింది. దాపరికం లేకుండా చెప్పారు. ఒకరు మండపం దగ్గర, ఒకరు కింది మెట్లమీదే. ఈశ్వరయ్య ఉలి మొన తడుముతూ, "నేను పోవడంల్యా. నా ఉలిని అల్లుడు తీసకపోతాండాడు" అన్నాడు.

ఆ జవాబులను బట్టి కేంద్రం డాక్టరును పిలిపించింది. మెట్లమీద కూలబడేవాళ్ల రొమ్ముల్లో జబ్బు ఎక్స్‌రేకు చిక్కింది.

శిల్పులను వెంటబెట్టుకుని పోయి కమిటీ ముందు ఆ ఎక్స్‌రేలు పెట్టారు. అధ్యక్షుడు చూసి, "అయితే ఈ పని మాన్పించమంటారా?" అన్నాడు.

ఈశ్వరయ్య లేచాడు. "రాయి తప్పేం ల్యా సార్. కోసేటప్పుడు దుమ్ము లేయకుండా నీళ్లు పడే మిషన్లు ఇప్పించండి..." ఆయాసంతో ఆగాడు. ఎవరూ కదల్లేదు. "ఏటా మా రొమ్ములు చూపించండి. పని మాత్రం వద్దనొద్దండి."

అధికారులు, శాసనసభ్యులు, అంత పెద్ద ప్రభుత్వం ఒక ముసలాయన ఊపిరి తిరిగేదాకా కాచుకోవడం చూసి కీర్తికి ఒళ్లు జలదరించింది. "ఇంటి షెడ్లలో చెక్కేవారు సైతం" అని అధ్యక్షుడు చెబుతుంటే గుమాస్తా ముసాయిదాలో చేర్చాడు. కొండమెట్టుమీద కూలబడ్డ మనిషి గోడు చట్టంలో మాటవుతుంటే ఆమె రెప్ప వాల్చలేదు.

చట్టం వచ్చింది, మిషన్లూ వచ్చాయి. ఇప్పుడు ఆ వీధిలో రాయి కోస్తుంటే నీళ్లు పారుతున్నాయి. ఈశ్వరయ్య రొమ్ముకు మాత్రం అవి ఆలస్యమయ్యాయి. ఉలి పక్కన పెట్టి, అరుగుమీద కూర్చుని చూస్తుంటాడు. మీరు ఏ ఊరి గుడిలోనైనా నల్లరాతి దేవుడికి చేతులు జోడించినప్పుడు, ఆళ్లగడ్డ ఈశ్వరయ్యనూ ఒక్కసారి తలుచుకోండి.