ఇత్తడి బిందెల వెనక

నేను ఒక రౌటర్ని. అరచేతి కంటే కాస్త పెద్ద ఒళ్ళు, వీపున రెండు కొమ్ములు, ముఖాన వరసగా చిన్న చిన్న దీపాలు. గొంతు లేదు. నాలోంచి ఎన్ని మాటలు పోయినా అందులో ఒక్కటీ నాది కాదు. అందుకే ఇలా నా కథ నేను చెప్పుకోవాలంటే కొంచెం బెరుకుగానే ఉంది.

నన్ను చేసిన చోట టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు బారుగా కూర్చుని ఉండేవారు. ఒకమ్మాయి నా కొమ్ములు బిగించింది. ఇంకో అమ్మాయి నాకు మొదటిసారి కరెంటు ఇచ్చి, దీపాలన్నీ వెలిగాయో లేదో చూసి, తల ఊపింది. ఆమె పేరు తెలీదు. అయినా ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ గుర్తే. ఆ తరవాత అట్టపెట్టె, చీకటి, లారీ కుదుపులు.

మొదట శ్రీకాకుళంలో ఒక మేడలో ఉన్నాను. నలుగురు మనుషులు, నాలుగు గదులు. వంటింట్లోంచి తల్లి ‘అన్నానికి రండి’ అని ఫోన్లో రాస్తే, ఆ మాట నా దగ్గరికి వచ్చి, ఎక్కడో ఎన్నడూ చూడని ఊళ్ళో ఉన్న యంత్రాన్ని పలకరించి, తిరిగి నా దగ్గరికే వచ్చి, పక్క గదిలో ఉన్న కొడుకుని చేరేది. పిలిస్తే వినపడే దూరమే. నాకు నవ్వొచ్చేది. కానీ మంచివాళ్ళు, నన్నెప్పుడూ కింద పడెయ్యలేదు. ఆ ఇంటాయనకి బదిలీ అయ్యాక నన్ను కంపెనీవాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. నన్ను తుడిచి, పాత జ్ఞాపకాలన్నీ చెరిపేశామనుకుని, మళ్ళీ పెట్టెలో పెట్టారు. కేబుల్ పని చేసే సింహాద్రి ఆ పెట్టెని బండి ముందు పెట్టుకుని బుడితి తీసుకొచ్చాడు. అలా నాకు రెండో జన్మ.

బుడితి ఇత్తడి పని చేసే కంచరివాళ్ళ ఊరు. నేను చేరిన ఇల్లు వీరభద్రాచారిది. ముందు చావడిలో ఆయన కొలిమి, సుత్తులు, సగం తయారైన చెంబులు. వెనక ఇల్లు. ఇంట్లో ఆయన, ఆయన తల్లి సూరమ్మ, కూతురు కామాక్షి. కామాక్షికి పుట్టుకతో వినపడదు. పసితనంలోనే తల్లి పోతే సూరమ్మే పెంచింది. పొద్దస్తమానం సుత్తి దెబ్బలు మోగే ఇంట్లో వినపడని పిల్ల పుట్టిందేమిటని ఊళ్ళో వాళ్ళు అనుకునేవారు. ఆ దెబ్బలకే చెవులు పోయాయని కొందరు తేల్చేశారు కూడా. కామాక్షి మాత్రం ఆ సుత్తి దెబ్బల్ని అరికాళ్ళతో వినేది. తండ్రి పని ఆపి భోజనానికి లేచాడని ఆ ఇంట్లో అందరికంటే ముందు తెలిసేది ఆమెకే.

ఆమె విశాఖలో వినపడని పిల్లల బడిలో చదువుకుని వచ్చింది. బడి ఇచ్చిన లాప్‌టాప్ ఒకటి ఉంది. వినపడని పసిపిల్లలు పుట్టిన ఇళ్ళకి వీడియోలో సైగల భాష నేర్పించే సంస్థ ఒకటి విశాఖలోనే ఉంది. దాన్ని నడిపే రెహానా మేడం, ‘ఒక పాఠం చెప్పి చూపించు, బాగుంటే పని నీదే’ అని కామాక్షికి రాసింది. వినపడేవాళ్ళయితే తెర మీద బొమ్మ ఆగిపోయినా గొంతుతో నెట్టుకొస్తారు. ఈమెకి చేతులే నోరు. బొమ్మ ఆగిందంటే నోరు ఆగినట్టే. అందుకని ఆ ఇంటికి నా అవసరం వచ్చింది.

సింహాద్రి స్తంభం మీంచి సన్నటి నల్ల వైరు లాగి, కిటికీలోంచి లోపలికి తెచ్చాడు. నన్ను నేల మీద పెట్టి వైరు గుచ్చబోతుంటే సూరమ్మ కేక వేసింది.

“నేల మీద పెడతావేటి బాబూ? కాళ్ళు తగల్తాయి. చదువుకి సంబంధించింది కాదేటి?”

“ఎక్కడైనా పరవాలేదు మామ్మా. ఎత్తుగా ఉంటే చాలు.”

‘ఎత్తుగా’ అన్నమాట చాలు, సూరమ్మకి చోటు తట్టేసింది. కంచరివాళ్ళ ఇంట్లో ఎదురుగోడకి ఒక పొడవాటి చెక్క బల్ల కొట్టి ఉంటుంది. దాని మీద ఇంటి పరువంతా వరసగా నిలబెడతారు. అత్తగారి గంగాళం, పెళ్ళినాటి బిందెలు, తాత చేతి గుండిగ, మరచెంబులు. గుమ్మంలో అడుగుపెట్టినవాడి కన్ను ముందు పడేది వాటి మీదే. వాటి వెనక, గోడవారగా, ఎవరి చెయ్యీ తగలని చోట నన్ను కూర్చోబెట్టింది. బొట్టు కూడా పెట్టింది. నా జాతిలో అంత గౌరవం ఎవరికి దక్కిందో నాకు తెలీదు.

“ఈ వైరు లోపల గాజు మామ్మా. మడిస్తే విరిగిపోద్ది. నేనొచ్చేదాకా దీన్ని కదపకండి” అన్నాడు సింహాద్రి. తరవాత నా అడుగున అచ్చేసిన తాళం మాటని, అదే పాస్‌వర్డ్‌ని, పెద్దగా చదవడం మొదలుపెట్టాడు. వీరభద్రాచారి సుద్దముక్కతో చావడి తలుపు మీద రాసుకుంటున్నాడు. పెద్ద అక్షరమా, చిన్న అక్షరమా అని ఇద్దరూ వాదించుకుంటూ ఉండగా, కామాక్షి వచ్చి నన్ను కాస్త పైకెత్తి, అడుగున ఫోటో తీసుకుని వెళ్ళి లాప్‌టాప్‌లో కొట్టేసింది. పచ్చదీపం వెలిగింది. వాళ్ళిద్దరూ ఇంకా సున్నా దగ్గరే ఉన్నారు.

వీరభద్రాచారి ఫోన్ని కూడా నాకు కలిపారు. సింహాద్రి నా పక్కనే నిలబడి లాప్‌టాప్‌లో బొమ్మ కదిలించి చూపించి, పండగ ముందు ఇంకా చాలా ఇళ్ళు ఉన్నాయంటూ బండెక్కాడు. దసరా దగ్గర పడుతోంది.

నా కష్టాలు అప్పుడే మొదలయ్యాయి. కామాక్షి కూర్చునేది వెనకగదిలో. అక్కడైతే వెలుతురు ముఖం మీద పడుతుంది, వెనక తెల్లగోడ ఉంటుంది. చేతులు స్పష్టంగా కనపడాలంటే అదే చోటు. నేను నా శక్తికొద్దీ మాటని ఆ గదికి పంపేదాన్ని. ముందు గంగాళం. దాన్ని దాటితే బిందె. ఇత్తడికి తగిలిన మాట అక్కడే చితికిపోయేది. ఏ సందులోంచో కొంచెం జారేది. వెనకగదిలో బొమ్మ కదిలేది, ఆగేది, మళ్ళీ కదిలేది.

మనుషులకి నా జబ్బు తెలీలేదు. నన్ను ఆపి మళ్ళీ వేశారు. దిష్టి తగిలిందని సూరమ్మ ఉప్పు తిప్పింది. కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి గొంతు కూడా ఆపి మళ్ళీ వెయ్యమంది. నాకు ఒంట్లో ఏ లోపమూ లేదని చెప్పుకోవడానికి నోరు లేదు.

పాఠం చూపించే రోజు వచ్చింది. అటువైపు రెహానా మేడం, ఇంకోచోట నుంచి ఒక తల్లి, ఆమె ఒళ్ళో వినపడని చిన్నపాప. కామాక్షి రెండు చేతులూ పైకెత్తింది. అంతే, ఆ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఇటు కామాక్షి చెబుతూనే ఉంది. అటు వాళ్ళకి కనపడేది కదలని చేతులు. పాప విసుగొచ్చి ఏడుపందుకుంది. కాసేపటికి రెహానా మేడం రాసిన మాట నా మీదుగానే వచ్చింది: ‘రేపు మధ్యాహ్నం ఇంకోసారి చూద్దాం. రేపు కూడా ఇలాగే ఉంటే వేరేవాళ్ళని తీసుకుంటాను, ఏమీ అనుకోకు. ఆ పాపకి కదలని చేతులతో నేర్పలేం.’

ఆ మాట మోసుకెళ్ళి ఇచ్చింది నేనే. ఆమె చదువుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సింహాద్రికి ఫోన్ చేస్తే పండగయ్యేదాకా కుదరదన్నాడు. నన్ను కదపొద్దని మళ్ళీ హెచ్చరించాడు.

ఆ సాయంత్రం సూరమ్మ పండగ పనిలో పడింది. బల్ల మీది సామానంతా దింపి పెరట్లో చింతపండుతో తోముతోంది. వెనకగదిలో కామాక్షి విశాఖ బడిలోని నేస్తంతో వీడియోలో మాట్లాడుతోంది. ఉన్నట్టుండి బొమ్మ నీళ్ళలా జారింది. నేస్తం వేలికున్న ఉంగరం కూడా కనిపించింది. వాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇటు సూరమ్మ తోమిన బిందెలు తుడిచి ఒక్కొక్కటే బల్ల మీదికి ఎక్కించింది. గంగాళం ఎక్కగానే నేస్తం చెయ్యి గాల్లో నిలిచిపోయింది.

కామాక్షి లేచి ముందుగదిలోకి వచ్చింది. నిగనిగలాడే బల్లని చూసింది. గంగాళాన్ని దింపి వెనకగదికి వెళ్ళి చూసింది. మళ్ళీ పెట్టి చూసింది. బిందె దింపి చూసింది. అప్పటిదాకా నా గురించి ఎవరూ అంత ఓపిగ్గా ఆలోచించలేదు. చివరికి ఫోన్ తీసి తండ్రికి రాసింది: ‘బిందెలన్నీ దింపితేనే బొమ్మ కదులుతుంది. మామ్మకి చెప్పు నాన్నా.’

వీరభద్రాచారి చావడిలో కూర్చుని అది చదివాడు. మళ్ళీ చదివాడు.

“ఏటిరా రాసింది గుంట?” అంది సూరమ్మ.

“ఏం లేదమ్మా.”

“ఏం లేనిదాన్ని అంతసేపు చదువుతావేటి?”

ఆయన సుత్తి తీసి పక్కన పెట్టి, ఎలాగో చెప్పాడు. సూరమ్మ బల్ల వైపు తిరిగింది.

“కంచరోడి ఇంట బల్ల ఖాళీ అయితే ఊరేమంటదో నీకు తెల్దా? అమ్ముకు తినేశారంటారు. అదీ పండగ పూట. నా అత్త పోయినప్పుడు కూడా ఆ బల్ల ఖాళీ అవలేదు.”

“తెలుసమ్మా. అందుకే చెప్పలేకపోయాను.”

కామాక్షి మామ్మ కొంగు పట్టుకుంది. కొంగు లాగితే ‘రా’ అని. నోటి దగ్గర చెయ్యి పెడితే అన్నం. కళ్ళు పెద్దవి చేస్తే కోపం. మామ్మకీ మనవరాలికీ మధ్య ఉన్న భాష ఇంతే, ఇన్నేళ్ళూ దానితోనే గడిపేశారు. ఆ కొంగుతోనే వెనకగదికి తీసుకెళ్ళి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. తెరలో నేస్తం చెయ్యి సగంలో ఆగి ఉంది. నోరు తెరుచుకునే ఉంది.

సూరమ్మ దాన్ని పరీక్షగా చూసింది. “ఈ పిల్ల మాటాడతా ఉందా ఇప్పుడు?”

“మాటాడతానే ఉందమ్మా. మనకి చేరట్లేదు” అన్నాడు వాళ్ళ వెనకే వచ్చిన వీరభద్రాచారి.

“అంటే మన సామాను దాని నోరు నొక్కేస్తంది.”

సూరమ్మ లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు వంట అయ్యాక ఆమె ఎవరినీ పిలవకుండా బల్ల దగ్గర నిలబడింది. ముందు మరచెంబులు, తరవాత గుండిగ, ఆ తరవాత పెళ్ళినాటి బిందెలు. ఒక్కొక్కదాన్నీ చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని, తీసుకెళ్ళి తన మంచం మీద పడుకోబెట్టింది. గంగాళం కొడుకు దింపాడు. పొడవాటి బల్ల మీద నేనొక్కదాన్నే మిగిలాను. అంత పెద్ద ఖాళీలో నాకు చలేసినంత పనైంది.

సుత్తి దెబ్బలకి లాప్‌టాప్ అదురుతుందని వీరభద్రాచారి కొలిమి పని కూడా ఆపేశాడు. చప్పుడు ఆగేసరికి ఎదురింటి రాజేశ్వరమ్మ గుమ్మంలోకి వచ్చింది. వచ్చింది చప్పుడు కోసం, చూసింది బల్లని.

“ఇదేటి సూరమ్మొదినా, బల్ల బోసిపోనాది? సామాను ఎవులికైనా ఇచ్చేసినారేటి?”

“మా కామాక్షి మాటాడతంది. అడ్డుగా ఉన్నాయని తీసినాం” అంది సూరమ్మ. “ఊళ్ళో చెప్పే పని నీదెలాగూ. అలగే చెప్పు.”

రాజేశ్వరమ్మ నవ్వి, చెప్పులు విప్పి లోపలికొచ్చింది. ఆడవాళ్ళిద్దరూ వెనకగది తలుపు వారన నిలబడి చూస్తుండగా పాఠం మొదలైంది.

ఆ రోజు నా దారికి ఏదీ అడ్డులేదు. కామాక్షి వేలు ముక్కుపుడక చోట ఆనితే, ఆ వేలు ఆనినట్టే అక్కడికి వెళ్ళింది. సైగల భాషలో అమ్మ అని. పాప చూసింది. కామాక్షి ఆ తల్లిని చూపించి మళ్ళీ ముక్కుకి వేలు ఆనించింది. పాప తల్లి ముఖంలోకి చూసి, తన బుల్లి వేలు తిన్నగా కంట్లో పెట్టుకుంది. తల్లి నవ్వింది. ఆ వేలుని పట్టుకుని ముక్కు దగ్గరికి జరిపింది. ఇంకోసారి పాప తనంతట తనే పెట్టింది. తల్లి నవ్వు ఆగిపోయి కళ్ళు తుడుచుకుంది. రెహానా మేడం రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించింది. వినపడనివాళ్ళ చప్పట్లు అవి. నేను ఎన్నో చప్పుళ్ళు మోశాను. ఇంత పెద్ద మెప్పుని చప్పుడు లేకుండా మోయడం అదే మొదలు.

పని కామాక్షికి వచ్చింది. ఆ సంగతి రాసి చూపించేలోపే తండ్రికి ఆమె ముఖం చూసి అర్థమైపోయింది. కానీ నేను మరిచిపోలేనిది వేరే ఉంది. తలుపు వారన సూరమ్మ వేలు పైకి లేచి, తన నిజమైన ముక్కుపుడక మీద ఆగింది. రాజేశ్వరమ్మ చూస్తుందేమోనని, దురద పెట్టినట్టు గీక్కుని దించేసింది.

పండగయ్యాక సింహాద్రి ఇంకాస్త వైరు తెచ్చి, నన్ను వెనకగది గుమ్మం పైకి మార్చాడు. గంగాళం, బిందెలు తిరిగి బల్లెక్కాయి. అక్కణ్ణుంచి ఎన్ని ఇళ్ళకి ఆమె చేతుల్ని మోశానో. పాపలకి పాలు అడగడం వచ్చింది, అలగడం వచ్చింది, అబద్ధమాడడం కూడా వచ్చింది. తల్లులు ఆ అబద్ధాలకి మురిసిపోయేవారు. సూరమ్మ తలుపు వారన కూరగాయలు తరుగుతూ కూర్చునేది. పాఠాలన్నీ పసిపిల్లలవే కాబట్టి ఆమెకి తేలిగ్గానే ఉండేవి.

పోయిన ఎండల్లో నా లోపలి భాగం ఒకటి వేడికి పాడైంది. సింహాద్రి కొత్తదాన్ని తెచ్చి నన్ను దింపాడు. ఇప్పుడు చావడిలో తుక్కు బుట్టలో ఉన్నాను. పక్కన చిల్లుపడ్డ చెంబులు, విరిగిన కుందులు. అవన్నీ రేపో మాపో మూసలో కరిగి కొత్తవవుతాయి. నేను కరిగితే పనికొచ్చేదాన్ని కాదు. బాధ లేదు. నన్ను బిగించిన చేతికీ, బొట్టు పెట్టిన చేతికీ, నా కోసం తన పరువంతా దింపి మంచం మీద పడుకోబెట్టిన చేతికీ రుణపడి ఉన్నాను.

ఈ బుట్టలోంచి వెనకగుమ్మం కనపడుతుంది. మధ్యాహ్నం పాఠం అయ్యాక మామ్మా మనవరాలూ అక్కడ ఎదురెదురుగా కూర్చుంటారు. సూరమ్మ వేళ్ళు ముడతలు పడ్డవి, నెమ్మదిగా తిరుగుతాయి. తప్పు పెడితే కామాక్షి పట్టుకుని సరిచేస్తుంది. ఒక్కోసారి మామ్మ ఏదో అంటే ఆమె కడుపు పట్టుకుని నవ్వుతుంది. ఏమందో ఈ దూరానికి నాకు తెలీదు. ఆ మాట నా మీదుగా పోలేదు. పోవాల్సిన పని కూడా లేదు.