మూడు వారాల అక్క

డిగ్రీ రెండో ఏడు చదువుతున్న చిట్టి, సెలవుల్లో మూడు వారాలు సేవ చేద్దామని పరాయి దేశంలోని ఒక అనాథాశ్రమానికి వెళ్లింది. అడుగు పెట్టీ పెట్టగానే నాలుగేళ్ల పిల్ల ఒకతి పరుగున వచ్చి ఆమె కాళ్లను చుట్టేసుకుంది. చిట్టి మురిసిపోయి వంగింది.

"ఎత్తుకోకమ్మాయ్!" అంది ఆయా, నేల తుడుస్తూనే. ఆవిడ ఏనాడో పొట్ట చేతపట్టుకుని అక్కడికి చేరిన మన భాష మనిషే. పిల్లలకూ మన మాటలు నాలుగు పట్టుబడ్డాయి.

చిట్టికి ఒళ్లు మండింది. తల్లిలేని పిల్లను ఎత్తుకోవడమూ తప్పేనా? ఆయా అటు తిరగ్గానే ఎత్తుకుంది. అంతే, పిల్ల ఇక చంక దిగలేదు. చిట్టి తినిపిస్తేనే తినేది.

ఎనిమిదో రోజున చిట్టికి జ్వరమొచ్చి రెండు రోజులు బసలోనే పడుకుంది. తిరిగి వెళ్లేసరికి పిల్ల గేటు కడ్డీలు పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు పీక్కుపోయాయి. చిట్టిని చూసి మొహం తిప్పుకుంది.

"మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు," అంది ఆయా. గొంతులో కోపం లేదు. "నీకంటే ముందు నలుగురు అక్కలొచ్చారు దీనికి. నలుగురూ బంగారాలే. ఒక్కొక్కరు వెళ్లినప్పుడల్లా ఇలాగే గేటు పట్టుకుంటుంది."

"మరి మీరెందుకు ఎత్తుకోరు?"

"ఇరవై ఆరుమంది పిల్లలు, నేనొక్కదాన్ని. దుప్పట్లు ఉతకనా, అంట్లు తోమనా, దీన్ని ఎత్తుకోనా?"

చిట్టి చొక్కా చేతులు పైకి మడిచింది.

"దుప్పట్లెక్కడున్నాయి పిన్నీ?"

ఇంట్లో తిన్న కంచం తీయని పిల్ల! మిగిలిన రోజులన్నీ ఉతికింది, తోమింది, ఆరేసింది. వేళ్ల సందులు ఒరుసుకుపోయాయి. "మా అమ్మ చూస్తే కళ్లు తిరిగి పడిపోతుంది," అంటే ఆయా మొదటిసారి నవ్వింది. ఆయా చేతులకు తీరిక దొరికింది. ఆవిడ ఎత్తుకుంటే పిల్ల రెండు రోజులు పెనుగులాడి, మూడోనాడు ఆయా చేతి ముద్ద అందుకుంది. కిటికీలోంచి అది చూసిన చిట్టికి సంతోషమూ వేసింది, కాస్త ఈర్ష్యా పుట్టింది.

ప్రయాణం రోజున ఆయా పిల్లకు తల దువ్వుతోంది.

"వెళ్లొస్తా పిన్నీ."

"వస్తానని దాని ముందు అనకమ్మా. నమ్ముతుంది."

'వెళ్తున్నా' అన్నది ఇంట్లో ఎవరూ గడప దాటుతూ అనకూడని మాట. చిట్టి పిల్ల ముందు కూర్చుని, పెదవి కొరుక్కుని అంది: "వెళ్తున్నా తల్లీ."

పిల్ల ఆమె కళ్లలోకి చూసింది. ఏడవలేదు. చెయ్యి ఒకసారి ఊపి, వెనక్కి జరిగి ఆయా ఒడిలో సర్దుకుంది.

వీధి మలుపు దాకా చిట్టి ఎలాగో నడిచింది. ఆ తర్వాత పెట్టె రోడ్డు పక్కన పెట్టి, దానిమీదే కూలబడి భోరుమంది.