పరుగు మరిచిన పిల్లి

మధ్యాహ్నం కాలేజీలో చూపించాల్సిన మొబైల్ గేమ్‌ను ల్యాప్‌టాప్‌లో తెరిచేసరికి, అందులోని పిల్లి కాళ్లు కదపకుండా కొయ్యబొమ్మలా గోడమీద జారుకుంటూ పోతోంది. గేమ్ డిజైన్ చదువుతున్న ఆ అమ్మాయి గబగబా బొమ్మల ఫోల్డర్ తెరిచింది. మొదటి, చివరి బొమ్మలు గీస్తే చాలు, మధ్యవి యానిమేషన్ సాఫ్ట్‌వేరే పూరిస్తుందని స్నేహితులు చెప్పినా వినకుండా, పిల్లి పరుగంతా ఒక్కో బొమ్మగా తన చేత్తోనే గీసింది. ఇప్పుడు ఫోల్డర్‌లో ఒక్క బొమ్మే మిగిలింది.

సాఫ్ట్‌వేర్‌ను తిట్టిపోశాక గుర్తొచ్చింది. తన ఫొటో స్టూడియోలో కంప్యూటర్ మొరాయించిందని నిన్న నాన్న ఈ ల్యాప్‌టాప్‌నే పట్టుకెళ్లాడు. దాన్ని చంకన పెట్టుకుని ఒక్క పరుగున ఫొటో స్టూడియోకి వెళ్లింది.

“నాన్నా, నా పిల్లిని ఏం చేశావు?”

నాన్న పాస్‌పోర్ట్ ఫొటోలు కత్తిరిస్తూ తలెత్తలేదు. “ఏది, ఆ ఒకేలా ఉన్న పిల్లులా?”

“ఒకేలా లేవు! ఒక్కోదాంట్లో కాలు కాస్త జరుగుతుంది. అన్నీ వరసగా తిప్పితేనే అది పరిగెత్తేది. నా కొంప ముంచావు!”

నాన్న గబుక్కున కత్తెర వదిలేసి, సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాడు. బొమ్మలన్నీ అందులో భద్రంగా ఉన్నాయి. వాటిని ఫోల్డర్‌లో వేయగానే పిల్లి గోడమీద దౌడు తీసింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టు ఆమె కుర్చీలో కూలబడి నవ్వేసింది.

“నేనే తీసేశానమ్మా,” అన్నాడు నాన్న. “పెళ్లి ఫొటోలకు చోటు చాల్లేదు. ఒకేలా ఉన్నవాటిలో మంచిది ఒకటుంచి మిగతావి తీసేయడం నాకు అలవాటే కదా. బాగా కుదిరేదాకా గీశావనుకుని, అందమైన పిల్లినే ఉంచాను. కానీ నువ్వు గీసినవి చెరిపెయ్యడానికి చెయ్యి రాలేదు.”